అల్లుడుగారి వేణువూ నా ఇత్తడి గంటా

అల్లుడుగారు నిప్పుకి వేణుగానం కట్టారు.

మా ఫ్యాక్టరీలో తయారయ్యేవి అలారం డబ్బాలు. ఎక్కడైనా నిప్పంటుకుంటే గోడ మీద నుంచి అరిచి జనాన్ని బయటికి తరమడం వాటి పని. ఆ డబ్బా ఎలా అరవాలి, ఎంత గట్టిగా అరవాలి అని తేల్చడం నా పని. ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాను. అందుకే వర్కర్లు నన్ను పేరు పెట్టి పిలవరు, ‘చెవిగారు’ అంటారు. నా సంతకం, నా గుండ్రటి స్టాంపు పడకుండా ఒక్క మోత కూడా మా గేటు దాటి పోదు.

ఓనరుగారి అల్లుడికి కంపెనీలో ‘కొత్త ఆలోచనల విభాగం’ అప్పగించి ఎనిమిది నెలలైంది. ఆ విభాగంలో ఆయన ఒక్కరే ఉంటారు. ఆలోచనలు ఇంకా చేరలేదు. సంగీతమంటే ఆయన చెవి కోసుకుంటారని అత్తవారింట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆయన వాయించడం ఒకసారి విన్నాక, కోసుకోవాల్సింది వినేవాళ్లేనని నాకు అర్థమైంది.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి మమ్మల్ని ‘వినే గది’లో కూర్చోబెట్టారు. కింద మందపాటి తివాచీ, గోడలకు దూది పరుపులు, మెత్తటి సోఫాలు, మూల ఖరీదైన స్పీకర్లు. ఆ గదిలో చీపురు ఊడ్చినా కచేరీలా వినిపిస్తుంది. మా కంపెనీ మోతలన్నిటికీ పెళ్లిచూపులు అక్కడే.

ఆరుగురం ఉన్నాం. ఓనరుగారు, ఆయన భార్య, కూతురు, అల్లుడు, సేల్స్ మేనేజరు, నేను. తలా ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒకే ఒక ప్రశ్న ఉంది. ‘నచ్చిందా?’ దాని పక్కన ఐదు నక్షత్రాలు.

అల్లుడుగారు మీట నొక్కారు. వేణువు మొదలైంది. వెనకాల చిన్న చిన్న గంటలు, వాటి వెనకాల సెలయేరు పారుతున్న చప్పుడు. ఓనరుగారి భార్య కళ్లు మూసుకున్నారు.

“ప్రాణం లేచొచ్చిందండీ” అన్నారామె.

“పడుకునేముందు రోజూ వినాలనిపిస్తోంది నాన్నా” అంది కూతురు.

“అమ్మా, ఇది పడుకున్నవాళ్లని లేపడానికి” అన్నాను నేను.

అల్లుడుగారు నావైపు జాలిగా చూశారు. “భయపెట్టే అలారాల కాలం పోయిందండీ చెవిగారూ. ఇది ఆసుపత్రికి వెళ్లేది. అక్కడుండేది రోగులు, సున్నితమైన మనుషులు. నిప్పొచ్చిందన్న సంగతి వాళ్లకి మృదువుగా చెప్పాలి.”

“నిప్పు కూడా మృదువుగానే వస్తుందా బాబూ?”

“మీకు సంగీతం తెలీదు. అది మీ తప్పు కాదు.”

సేల్స్ మేనేజరు అప్పటికే ఐదు నక్షత్రాలకీ రంగు పూసేశాడు. ఆయనకి ఓనరుగారి ఇంటినుంచి వచ్చేవన్నీ నచ్చుతాయి, ఆఖరికి తిట్లు కూడా.

నేను లేచి నిలబడ్డాను. “ఒక మాట చెప్తాను సార్. నచ్చడం వేరు, పనికిరావడం వేరు. ఇది మీకందరికీ నచ్చింది, మంచిదే. ఇంటికి పట్టుకెళ్లి కాఫీ తాగుతూ వినండి. ఆసుపత్రి గోడకి మాత్రం తగిలించకండి.”

“మరి పనికొచ్చేదేదో నువ్వే వినిపించవయ్యా” అన్నారు ఓనరుగారు.

నా నమూనా పెట్టాను. ఇత్తడి గంట. ఖంగున మోగి, నిదానంగా అలలు అలలుగా సాగే మోత. దాని గురించి రెండు పేజీల నివేదిక కూడా రాసుకొచ్చాను. నాదశుద్ధి, స్పష్టత, గాంభీర్యం అని మూడు శీర్షికలు పెట్టి చదివి వినిపించాను. చదువుతుంటే నా గొంతు నాకే ముద్దొచ్చింది.

ఓనరుగారి భార్య ఆవలించారు. ఫారాలు లెక్కపెడితే వేణువుకి ఐదు ఓట్లు, గంటకి ఒకటి. ఆ ఒకటి నాదే.

“ఇందులో గొడవేముందయ్యా?” అన్నారు ఓనరుగారు. “ఆయన రుచి ఆయనది, నీ రుచి నీది. ఆయనకి వేణువు, నీకు గంట.”

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్ల అనుభవాన్ని పట్టుకుని రుచి అంటాడా! “నాది రుచి కాదు సార్, తీర్పు.”

“సరే, తీర్పే. పన్నెండింటికి ఆసుపత్రి నుంచి సేఫ్టీ ఆఫీసరమ్మ వస్తోంది. మూడొందల పడకల ఆసుపత్రి. ఆవిడ వెళ్లేలోపల వేణువు మీద నీ స్టాంపు పడాలి. పడలేదనుకో, ఆ స్టాంపు అల్లుడుగారి చేతిలో పెట్టి నువ్వు ఇంటికెళ్లిపో. రేపట్నుంచి తీర్పులు ఆయనే చెప్తారు.”

స్టాంపు నా చొక్కా జేబులో ఉంది. రబ్బరు ముక్కే, కానీ ఆ క్షణాన ఇటుకరాయంత బరువుగా తోచింది. అది అల్లుడుగారి చేతికి వెళ్తే ఇక ఈయనకి ఏది ముద్దొస్తే అదే గోడలెక్కుతుంది. మూడొందల మంది మంచాల మీద పడుకుని, పొగలో, సెలయేటి చప్పుడు వింటూ ఉంటారు.

నేరుగా వర్క్‌షాపుకి వెళ్లాను. అక్కడ నా మరదలు ఉంటుంది. మా ఆవిడకి సొంత చెల్లెలు. డబ్బాల్లో తీగలు కలిపేదీ, మోతలు పుట్టించేదీ ఆవిడే. కొప్పులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఫ్యాక్టరీ మొత్తానికి ఆవిడ పేరు ‘స్క్రూడ్రైవర్’. ఉద్యోగం వేయించింది నేనే. ఆ తప్పుకి పదకొండేళ్లుగా శిక్ష అనుభవిస్తున్నాను.

“ఏం బావగారూ, ముఖం మాడిపోయింది? గంట పగిలిందా?” అంది తల ఎత్తకుండానే.

సంగతి చెప్పాను.

“వేణువు చెత్తే, ఒప్పుకుంటాను. మరి నెల కిందట నేను చేసిచ్చింది ఏం చేశారు?”

ఆ మోత గుర్తొస్తేనే నా పళ్లు జివ్వుమన్నాయి. నాలుగు సెకన్లు విని ఆపేశాను దాన్ని. పీక పిసుకుతున్న బాతుని ఇనుప రేకు మీద ఈడ్చినట్టుంటుంది. పరీక్ష కాగితం మీద ఒకే ఒక్క మాట రాశాను. ‘అనాగరికం.’

“చెత్తబుట్టలో పారేశారా?”

“సొరుగులో ఉంది. అదీ మర్యాద కోసం. మా అత్తగారి మొహం చూసి.”

“మా అమ్మ మొహం సంగతి తర్వాత. నేనెందుకలా చేశానో విన్నారా అసలు? మిషన్ల మోతలో ఆగకుండా మోగేది కలిసిపోతుంది. అందుకే మూడు అరుపులు, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ మూడు అరుపులు. ముసలివాళ్ల చెవికి సన్నటి స్వరం అందదు, అందుకే గొంతు కిందికి దించాను. ఇంకెక్కడా వినని మోత కాబట్టి ఇంకోదాంతో పొరబడరు.”

“దానికి గాంభీర్యం లేదు.”

“పోనీ మీ గంట ఎందుకు మంచిదో ఒక్క కారణం చెప్పండి. గాంభీర్యం అనకుండా.”

“స్పష్టత.”

“అదీ అనకుండా.”

గడియారం చూసుకున్నాను. “నాకు టైము లేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరకు. వేణువునీ గంటనీ ప్యాకింగ్ హాలు స్పీకరుకి కలుపు. జనం మధ్యలో తేలిపోవాలి ఈ వ్యవహారం.”

ఆవిడ కొప్పులోంచి స్క్రూడ్రైవరు తీసింది. “తేలుస్తాను. రెండూ తేలుస్తాను” అంది. ఆ ‘రెండూ’ అన్న మాటలో ఏదో ఉంది. నేను పట్టించుకోలేదు.

సేఫ్టీ ఆఫీసరమ్మ సరిగ్గా పన్నెండుకి వచ్చింది. యాభై దాటిన మనిషి. అగ్నిమాపక దళంలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిందట. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ. మెడలో స్టాప్‌వాచ్. ఓనరుగారు చేతులు కట్టుకుని వినే గదివైపు దారి చూపించారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి తివాచీని, దూది గోడల్ని, సోఫాల్ని చూసింది.

“ఇక్కడ ఎవరుంటారు?”

“ఎవరూ ఉండరండి. వినడానికే.”

“మా ఆసుపత్రిలో పరుపులు గోడలకి ఉండవు, మంచాల మీద ఉంటాయి. మనుషులు పనిచేసుకుంటున్న చోటికి పదండి.”

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అడక్కముందే వరం దొరికింది. అల్లుడుగారికి బెదురు లేదు. “ఎక్కడైనా సరే. కళకి చోటుతో పనేముంది?” అన్నారు.

ప్యాకింగ్ హాలులో నలభై రెండు మంది పనిచేస్తారు. బెల్టు మీద డబ్బాలు కదులుతుంటాయి, అట్టపెట్టెలకి టేపు చర్రున లాగుతుంటారు, పైన పాత ఫ్యాన్లు గడగడమంటుంటాయి. హాలుకి రెండు దారులు. కుడివైపు పెద్ద షట్టరు, అది బయట ఆవరణలోకి వెళ్తుంది. ఎడమవైపు తలుపు, అది లోపలున్న క్యాంటీన్‌లోకి వెళ్తుంది. భోజనానికి ఇంకా అరగంట ఉంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. హాలు పక్కనున్న అద్దాల గదిలో నిలబడి చూస్తున్నాం, మీట దగ్గర మరదలు ఉంది.

“మొదటిది” అంది ఆఫీసరమ్మ. స్టాప్‌వాచ్ నొక్కింది.

వేణువు వినిపించింది. వినిపించిందని నాకు తెలుసు కాబట్టి వినిపించింది. అట్టపెట్టెల మోతలో సెలయేరు ఎక్కడో ఇంకిపోయింది. అరనిమిషం తర్వాత ఒకాయన ప్యాంటు జేబు తడుముకున్నాడు. టేపు వేస్తున్న ఆవిడ విసుక్కుంది. “ఎవరిదో ఫోను, ఎత్తి చావండ్రా!” చివర కూర్చున్న ముసలాయన మాత్రం తల ఊపుతూ కూనిరాగం అందుకున్నాడు. నిమిషం గడిచింది. షట్టరు దాటినవాళ్లు సున్నా.

“చూశారా, ఎంత ప్రశాంతంగా ఉన్నారో!” అన్నారు అల్లుడుగారు.

ఆయన ముఖంలో ఆనందం నిజమైనది. అదే నన్ను భయపెట్టింది. నిప్పంటుకున్నప్పుడు కదలకుండా కూర్చున్నవాళ్లని చూసి మురిసిపోయే మనిషిని మొదటిసారి చూస్తున్నాను.

“తాళం వేసిన శవాల గదిలో కూడా ప్రశాంతంగానే ఉంటుంది” అంది ఆఫీసరమ్మ. “రెండోది.”

నేను గొంతు సవరించుకున్నాను. మరదలు మీట నొక్కింది. ఖంగుమంది నా గంట.

ఏం చెప్పను! ఆ ఒక్క దెబ్బకే నలభై రెండు తలలూ లేచాయి. బెల్టు ఆపేశారు. టేపులు కింద పెట్టారు. అందరూ ఒక్కసారిగా నిలబడ్డారు. నేను అల్లుడుగారివైపు తిరిగి, “ఇదండీ తీర్పంటే” అన్నాను. నా జీవితంలో అంత తీయటి మాట మళ్లీ అనలేదు.

తిరిగి చూసేసరికి అందరూ ఎడమవైపు వెళ్తున్నారు.

బయటికి కాదు, లోపలికి. నవ్వుకుంటూ, భుజాలు తట్టుకుంటూ, తోసుకుంటూ క్యాంటీన్ తలుపులోంచి వెళ్తున్నారు. “ఇవాళ ముందే కొట్టేశారే!” అంది టేపు ఆవిడ. కూనిరాగం ముసలాయన అందరికంటే ముందున్నాడు. నలభై సెకన్లలో నలభై రెండు మందీ చేతులు కడుక్కుని, ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు.

ఆఫీసరమ్మ స్టాప్‌వాచ్ ఆపింది. “అంటే, నిప్పు రాగానే మావాళ్లంతా ప్లేట్లు పట్టుకుని వంటింటి ముందు క్యూ కడతారన్నమాట.”

గాలి తీసేసిన టైరులా నిలబడ్డాను. ఆ గంట ఎక్కడిదో అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఎప్పుడూ తెలుసు. నాలుగేళ్ల కిందటి దాకా క్యాంటీన్ గుమ్మానికి వేలాడిన గంట అది. దాన్ని దించి సైరను పెట్టిన రోజు, మనసొప్పక నేనే రికార్డు చేసి దాచుకున్నాను. ఇరవై రెండేళ్లు అది మోగగానే నాకు అన్నం దొరికింది. నాదశుద్ధి, స్పష్టత, గాంభీర్యం! రెండు పేజీలు రాశాను. అంతా ఆకలి. అల్లుడుగారి ఫారంలో ఐదు నక్షత్రాలున్నాయి, నాదాంట్లో మూడు శీర్షికలున్నాయి. అంతే తేడా.

“కనీసం నా సంగీతం ఎవర్నీ మంటల్లోకి పంపలేదు” అన్నారు అల్లుడుగారు.

ఓనరుగారు చెయ్యి చాపారు. “చూశావుగా. ఇక ఆ స్టాంపు ఇటివ్వవయ్యా.”

జేబులోంచి తీశాను. ఆయన అరచేతికి జానెడు దూరంలో నా చెయ్యి ఆగింది. మరదలు నన్నే చూస్తోంది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం పదకొండేళ్లలో అదే మొదటిసారి.

“ఇంకొకటుంది” అన్నాను.

“ఇంకొకటా?” ఆఫీసరమ్మ బ్యాగు భుజానికి తగిలించుకుంటోంది. “ఇంతకుముందువి ఏం తక్కువయ్యాయని?”

“అది నేను చెయ్యలేదమ్మా. దాన్ని ఆపినవాణ్ణి నేను. ఐదు నిమిషాలు ఆగండి.”

అద్దాల గదిలోంచి పరుగు తీశాను. నా సొరుగులో అడుగున, కరెంటు బిల్లుల కింద ఉంది ఆ బాతు మోత ఉన్న చిప్పు, దానికి పిన్ను కొట్టిన పరీక్ష కాగితంతో సహా. తెచ్చి మరదలి చేతిలో పెట్టాను. ఆవిడ కాగితం చదివింది.

“అనాగరికం. అంతేనా? ఇంకో మాట దొరకలేదా బావగారూ?”

“ఎగతాళి తర్వాత చేద్దువుగాని తల్లీ. క్యాంటీన్ స్పీకరుకి కలుపు.”

“క్యాంటీన్‌లోనా? అన్నం ముందు కూర్చున్నారు వాళ్లు.”

“అందుకే.”

అందరం క్యాంటీన్ గోడ వారన నిలబడ్డాం. సగం మంది వడ్డించుకుని కూర్చున్నారు. మిగతావాళ్లు వరసలో ఉన్నారు. ఆకలితో ఉన్న మనిషిని ముద్ద ముందు నుంచి లేపడం కంటే కష్టమైన పరీక్ష నాకు తెలీదు. ఆఫీసరమ్మ నావైపు ఒక్క చూపు చూసి వాచ్ నొక్కింది.

మూడు అరుపులు. నిశ్శబ్దం. మూడు అరుపులు.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. “అమ్మో, ఏంటిది!” అని ఎవరో కేక పెట్టారు. ప్లేట్లు దబదబ కింద పడ్డాయి. ఆ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా చెవులు రిక్కించుకునేవి, అరుపు రాగానే కాళ్లు వాటంతటవే కదిలేవి. నేను చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాను. అది ఉత్తుత్తి మోతేనని నాకు తెలుసు. ఎవరు చేశారో తెలుసు, ఎందుకు చేశారో తెలుసు. అయినా తేరుకునేసరికి నేను షట్టరు బయట ఎండలో ఉన్నాను. నా పక్కన ఓనరుగారు రొప్పుతున్నారు, ఒక కాలికి చెప్పు లేదు. మా అందరికంటే ముందు, గేటు స్తంభం పట్టుకుని అల్లుడుగారు నిలబడ్డారు. కాళ్లకి బుద్ధి చెప్పడంలో ఆయనకి మంచి తాళజ్ఞానం ఉంది.

నలభై రెండు మందీ బయట ఉన్నారు. వంటవాళ్లతో కలిపి నలభై ఆరు. కూనిరాగం ముసలాయన చేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది.

“ఎవడు పెట్టాడ్రా ఈ దరిద్రపు మోత!” అని టేపు ఆవిడ తిడుతోంది. అందరూ తిడుతున్నారు. ఒక్కరికీ నచ్చలేదు.

ఆఫీసరమ్మ అందరికంటే ఆఖరున, నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. “ముప్పై నాలుగు సెకన్లు. నేను ఇదే తీసుకుంటాను.”

“కానీ అమ్మా,” ఓనరుగారు ఒంటికాలి చెప్పుతో కుంటుతూ వచ్చారు, “ఇది మరీ ఘోరంగా ఉంది కదండీ. వింటుంటే వాంతి వచ్చేలా ఉంది.”

“మీరు ఎక్కడ నిలబడి ఆ మాట చెప్తున్నారు?”

ఓనరుగారు చుట్టూ చూసుకున్నారు. “బయటండి.”

“అంతే కావాలి నాకు” అంది ఆవిడ.

కాగితం పని గేటు పక్కన కాపలావాళ్ల బల్ల మీదే జరిగింది. ‘నచ్చిందా?’ అన్న ఫారాలు సేల్స్ మేనేజరు అక్కడికి కూడా పట్టుకొచ్చాడు. ఆఫీసరమ్మ వాటిని మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టింది.

అల్లుడుగారికి అప్పటికి ఊపిరి తిరిగింది. ఊపిరితో పాటు ఆలోచన కూడా వచ్చింది. “మధ్యలో ఆ నిశ్శబ్దం ఖాళీగా వృథా అవుతోంది కదండీ. అక్కడ సన్నగా వేణువు...”

మరదలు కొప్పులోంచి స్క్రూడ్రైవరు తీసింది. ఆయన ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

నేను పాత పరీక్ష కాగితం తీసి బల్ల మీద పరిచాను. పైన నా చేతిరాత, ‘అనాగరికం’. దాన్ని కొట్టెయ్యడానికి కలం పెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఉంచండి బావగారూ. అది నిజమే కదా.”

“మరి నీకు కష్టంగా లేదూ?”

“నాకూ నచ్చదు అది. చేసిన రోజు రెండు గంటలు తలనొప్పి.”

ఆ మాట కొట్టెయ్యలేదు. దాని కింద ‘పాస్’ అని రాసి, మూడు కారణాలూ ఆవిడ చెప్పినవి చెప్పినట్టే రాశాను. ఈసారి శీర్షికలు పెట్టలేదు. సంతకం చేసి స్టాంపు గుద్దాను. ఓనరుగారు చాపిన చెయ్యి ఎప్పుడో వెనక్కి తీసేసుకున్నారు. చెప్పు వెతుక్కోవడానికి వెళ్లారు.

స్టాంపు జేబులో వేసుకుంటుంటే మరదలు అడిగింది. “రికార్డు కోసం ఇంకోసారి వింటారా, మొత్తం? అప్పుడు నాలుగు సెకన్లకే ఆపేశారుగా.”

“వినాలి” అన్నాను. చెప్పులు విప్పి, షూలేసులున్న బూట్లు వేసుకొచ్చి, ఎందుకైనా మంచిదని షట్టరు పక్కన నిలబడ్డాను.